బ్రేకులో దాగిన గాలి

పిల్లలూ! తాండూరు నుంచి ఒక అబ్బాయి ఈ నెల మంచి ప్రశ్న పంపాడు. "మాస్టారూ, మా అన్నకు కొండదారుల్లో తొక్కే సైకిలున్నది. దాని డిస్కు బ్రేకులు నూనెతో పనిచేస్తాయి. ముందు బ్రేకు మీట నొక్కితే మెత్తగా హాండిలు దాకా వచ్చేస్తున్నది. మూడు నాలుగు సార్లు టపటపా నొక్కితే గట్టిపడుతున్నది. అది చాలదా? సెలవుల్లో వికారాబాదు వెళ్ళి అనంతగిరి ఎక్కి దిగాలనుకుంటున్నాం," అని.

చాలదు, నాయనా. ఎందుకు చాలదో చెబుతాను.

మామూలు సైకిలు బ్రేకును కమ్మీ గాని, తీగ గాని లాగుతుంది. ఈ బ్రేకులో సన్నని గొట్టం, దాని నిండా నూనె ఉంటాయి. మీట నొక్కితే అక్కడి చిన్న పిస్టను నూనెను తోస్తుంది. నూనె వెళ్ళి చక్రం దగ్గరున్న పెద్ద పిస్టన్లను తోస్తుంది. అవి ప్యాడ్లను ఉక్కు డిస్కుకు రెండు వైపులా అదుముతాయి. మూసి ఉన్న ద్రవం మీద ఒక చోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పాడు. 1 చదరపు సెంటీమీటరు పిస్టనును 10 కిలోల బరువుతో నొక్కితే, అవతలి 4 చదరపు సెంటీమీటర్ల పిస్టను 40 కిలోల బరువుతో తోస్తుందన్నమాట! కాని ఈ లాభం ఊరికే రాదు. చిన్నది 4 మిల్లీమీటర్లు జరిగితే పెద్దది 1 మిల్లీమీటరే జరుగుతుంది.

ఇప్పుడొక ప్రయోగం చేయండి. సూది లేని కొత్త సిరంజి నిండా నీళ్ళు పీల్చి, మూతిని వేలితో మూసి నొక్కండి. కాడ కదలదు. ఈసారి కొంచెం గాలి ఉండనిచ్చి నొక్కండి. కాడ మెత్తగా లోపలికి పోతుంది! నీరు అణగదు, గాలి అణుగుతుంది. మన అబ్బాయి బ్రేకులో దాగిన దొంగ ఆ గాలే కావచ్చు. మీట కదలికను గాలిబుడగే మింగేస్తున్నది. వెంటవెంట నొక్కినప్పుడు మీట దగ్గరి చిన్న తొట్టిలోంచి మరి కాస్త నూనె దిగి, మీట కాసేపు గట్టిపడుతుంది. గాలి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

కొండ దిగేటప్పుడు రాపిడికి డిస్కు కాలిపోతుంది. ఆ వేడి నూనెకు ఎక్కుతుంది, గాలి ఇంకా ఉబ్బుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే సైకిలు సెకనుకు 8 మీటర్లకు పైగా పోతుంది. మలుపులో ఎదురుగా బస్సు వస్తే, మీట గట్టిపడేదాకా నొక్కుతూ కూర్చోవడానికి 2 సెకన్లు పట్టినా సైకిలు 16 మీటర్లు దాటిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మరి లోపం ఎట్లా కనుక్కోవాలి? సైకిలు నిలిపి, మీటను గట్టిగా పట్టుకుని 30 లెక్కపెట్టండి. మీట మెల్లగా కుంగిపోతూ ఉంటే నూనె ఎక్కడో కారుతున్నదేమో, లేక లోపలి రబ్బరు చెడిందేమో. మీట దగ్గర, గొట్టం అతుకుల దగ్గర, చక్రం దగ్గర తడి ఉన్నదేమో వెతకండి. మీట గట్టిగానే ఉండి, బ్రేకు కీచుమంటూ పట్టకపోతే, డిస్కుకో ప్యాడ్లకో నూనె అంటి ఉంటుంది. గొలుసుకు వేసే నూనె అక్కడ పడడం మామూలే. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవవచ్చు గాని, నూనె పీల్చిన ప్యాడ్లను మార్చవలసిందే. మీట నొక్కకుండానే గరగరమంటే డిస్కు వంగి ఉండాలి, లేదా ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపరు పక్కకు జరిగి ఉండాలి.

గాలి తీసే పని తెలిసిన మేస్త్రీదే. ఒక్క సంగతి మాత్రం అడగండి: ఏ నూనె పోస్తున్నారు? షిమానో బ్రేకులకు మినరల్ ఆయిలు పోయాలి. స్కూటరు బ్రేకుల్లో పోసేది డాట్ ద్రవం. మినరల్ ఆయిలు బ్రేకులో డాట్ పోస్తే లోపలి రబ్బరు పాడవుతుంది. ఏది పోయాలో బ్రేకుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇంట్లో ఉన్నది గదా అని కొబ్బరినూనె పోసేరు సుమా!

చక్రం ఊడదీసి ఉన్నప్పుడు మీట నొక్కకండి. పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. కొండ దిగిన వెంటనే డిస్కును ముట్టుకోకండి, వేలు బొబ్బలెక్కుతుంది. దిగేముందు ప్రతిసారీ సైకిలును చేత్తో తోస్తూ ఒక్కొక్క బ్రేకు నొక్కి చూడండి. మొదటి నొక్కులోనే చక్రం ఆగాలి. రెండోసారి నొక్కితే ఆగిందంటే, ఆ సైకిలు ఆ రోజు కొండకు పనికిరాదు.

తాండూరు అబ్బాయీ, ఈ పేరా మీ అన్నకు చదివి వినిపించు. మూసీ పుట్టిన అనంతగిరి ఎక్కడికీ పోదు. బ్రేకు బాగయ్యాకే వెళ్ళండి.