కిక్కూ స్మూతూ కాక మూడో మాట

గచ్చిబౌలిలో ఒక ఫ్రెండ్ ఫ్లాట్‌లో మేం ఏడుగురం రెండు నెలలకోసారి కలుస్తాం. సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టి, నంబర్లు వేసి, ఏది ఏదో తెలీకుండా షాంపేన్లు రుచి చూస్తాం. ఖర్చు ఏడు వాటాలవుతుంది కాబట్టి నడుస్తోంది. అందరం ఇంజనీర్లమే కాబట్టి ఎక్సెల్ షీట్ కూడా ఉంది. పోయినసారి ఆ షీట్‌ని పైనుంచి కిందిదాకా ఒకేసారి చదివాను. గ్రీన్ యాపిల్, బ్రియోష్, వెట్ స్టోన్, హనీసకిల్. హనీసకిల్ పువ్వుని మాలో ఎవరూ వాసన చూడలేదు. బ్రియోష్ తిన్నవాళ్లు ఇద్దరే. తెలుగులో రాసుకోడానికి ఒక కాలమ్ పెడదామన్నాను. "తెలుగులో ఏముంది రాయడానికి? కిక్కుందా లేదా, స్మూత్‌గా ఉందా లేదా. రెండు చెక్‌బాక్సులు చాలు" అన్నాడొకడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక కోపమొచ్చింది.

ఆ కోపం వాడి మీద ఎంతుందో, ఇదంతా ఉత్త సోకు అని కొట్టిపారేసేవాళ్ల మీదా అంతే ఉంది. ముందు వాళ్ల సంగతి చూద్దాం.

వైన్ రుచి చూడటం బూటకమని చెప్పడానికి వీళ్లందరూ ఒకటే ప్రయోగం ఎత్తుతారు. 2001లో అచ్చయింది. ఫ్రాన్స్‌లో బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ చదువు చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. ఎక్కువగా ఎర్ర వైన్‌కి వాడే మాటలే రాశారు. "చూశారా, వీళ్లకేమీ తెలీదు" అంటారు మనవాళ్లు. ఆ ప్రయోగం చెప్పింది అది కాదు. కన్ను నాలుకని మోసం చేస్తుందని చెప్పింది. అందుకే కదా మేం సీసాలకి పేపర్ చుట్టేది!

కన్ను నాలుకని మోసం చేస్తే ఏమవుతుందో తెలియాలంటే బోర్డో దాకా పోనక్కర్లేదు. మాది కె.కోటపాడు. చోడవరం పక్కన, ఒకప్పటి విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. చుట్టుపక్కల ఊళ్లలో చెరకు గానుగాడించి బెల్లం వండి అనకాపల్లి యార్డుకి తోలేవాళ్లు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. అక్కడ ధర పలికేది రంగుని చూసి. దిమ్మ ఎంత తెల్లగా, పసుపుగా మెరిస్తే అంత ధర. నల్లబెల్లం ఎంత రుచిగా ఉన్నా కిందికే. దాంతో రైతు ఏం చేస్తాడు? పాకంలో హైడ్రోస్ వేస్తాడు. సోడియం హైడ్రోసల్ఫైట్ అన్నమాట, బట్టల పరిశ్రమలో రంగులకి వాడే మందు. బెల్లం తెల్లబడుతుంది. మా నాయనమ్మ బెల్లం ముక్క నోట్లో వేసుకుని అది చౌడు నేల చెరకుదో కాదో చెప్పేది. చౌడు నేలదైతే చివర్న సన్నటి ఉప్పదనం తగులుతుంది. పాకం కాస్త మాడినా చెప్పేది. ఆ నాలుకకి యార్డులో చోటు లేదు. అక్కడ కన్నే కొంటుంది, కన్నే అమ్ముతుంది. బోర్డోలో మోసపోయినవాళ్లకి పోయిందేమీ లేదు. ఇక్కడ మాత్రం మనం మందు తిన్నాం.

కాబట్టి రుచి గురించి మాట్లాడుకోవడం సోకు అనేవాళ్లతో నాకు కుదరదు. రుచికి మాట లేని చోట ధర రంగుకే వస్తుంది.

ఇప్పుడు మావాడి చెక్‌బాక్సుల సంగతి.

షాంపేన్‌లో బ్రియోష్ అని మురిసిపోయే వాసన ఎక్కడిది? ఆ వైన్ సీసాలోనే రెండోసారి పులుస్తుంది. పులిశాక చచ్చిన ఈస్ట్ మడ్డిలా సీసాలో ఉండిపోతుంది. మామూలు షాంపేన్ కనీసం 15 నెలలు సీసాలో ఉండాలి, అందులో 12 నెలలు ఆ మడ్డి మీదే. ఒకే ఏటి పంటతో చేసిందైతే మూడేళ్లు. ఆ మడ్డి మెల్లగా కరిగి ఇచ్చే వాసనే అది. తెలుగిళ్లలో పుట్టిన ఏ మనిషికైనా దీనికి దగ్గరి వాసన తెలుసు. రాత్రంతా పొంగిన ఇడ్లీపిండి గిన్నె మూత పొద్దున్నే తీసినప్పుడు వచ్చేది. కాస్త ముదిరిన షాంపేన్ అయితే, అదే పిండితో పెనం మీద దిబ్బరొట్టె అంచు ఎర్రబడుతున్నప్పటి వాసన. ఇందులో కష్టమేముంది?

గ్రీన్ యాపిల్ సంగతి ఇంకా తమాషా. ఆ పులుపు మాలిక్ ఆమ్లానిది. చాలా షాంపేన్లలో దాన్ని బాక్టీరియా చేత మెత్తబరిపిస్తారు. ద్రాక్షలో ప్రధానంగా ఉండే పులుపు టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులో ప్రధానంగా ఉండేదీ అదే. అంటే షాంపేన్ చప్పరించి "దోరగా మారబోతున్న చింతకాయ" అని రాస్తే అది పల్లెటూరి పోలిక కాదు, కెమిస్ట్రీ. మేం ఏడుగురం చింతకాయ తిని పెరిగినవాళ్లమే. రాసింది మాత్రం సూపర్ మార్కెట్లో స్టికర్ అంటించి అమ్మే యాపిల్ పేరు.

కాలిఫోర్నియాలో ఆన్ నోబుల్ అనే ఆవిడ 1980లలో వైన్ వాసనల చక్రం తయారుచేసింది. ఆవిడ తన చుట్టూ ఉన్న వంటింటి సరుకులతోనే చేసింది, సరైన పనే. మనం మన వంటింటితో చెయ్యకుండా ఆవిడ వంటింటిని అద్దెకి తీసుకున్నాం. (పుస్తక సమీక్షల్లో మనం చేసేదీ ఇదే అనిపిస్తుంది నాకు. అటు అరువు తెచ్చుకున్న సిద్ధాంతం మాట, ఇటు "గుండెని తాకింది". గుండెని తాకడం అంటే స్మూత్‌గా ఉండటమే. సరే, అది వేరే గొడవ.)

అసలు విషయం, తెలుగులో రుచిమాటలు లేవన్నది అబద్ధం. ఉన్నాయి. ఎవరి నోట్లో ఉన్నాయో అక్కడికి మనం వెళ్లం.

కిందటేడు ఏప్రిల్‌లో ఊరెళ్లినప్పుడు చిన్నాన్నతో కలిసి తాటికల్లుకి వెళ్లాను. దించిన కల్లు రెండు కుండల్లో ఉంది. గీత గీసే పెద్దాయన రెండో కుండలోది తన చెట్టుది కాదన్నాడు, తమ్ముడు తెచ్చి పెట్టాడట. తాటాకు దొప్పలో కాస్త పోసుకుని, నోట్లో తిప్పి ఊసేశాడు. "ఎండెక్కినాక దించినాడు బావూ. కుండ కూడా సరిగ్గా కడగనేదు" అన్నాడు. మా ఏడుగురి షీట్‌లో ఇలాంటి వాక్యం ఒక్కటి లేదు. ఆయన పోలిక చెప్పి ఊరుకోలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి తప్పు అన్నది రుచిలోంచి చదివాడు.

షాంపేన్‌కి వయసు నెలల్లో, ఏళ్లలో. కల్లుకి గంటల్లో. కుండ లోపల సున్నం పూస్తే పులవదు, అది నీరా. సున్నం లేకపోతే గెల కోసిన చోటు నుంచి బొట్టు కుండలో పడీ పడగానే ఈస్ట్ పని మొదలవుతుంది. పొద్దున్న ఆరింటికి దించింది తియ్యగా, తెల్లగా, పైన సన్నటి నురగతో ఉంటుంది. పది దాటితే తీపి తగ్గి నాలుక అంచుల మీద చిటపట. మధ్యాహ్నానికి పులుపు, ఘాటు. మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. పోతుతాడు కల్లు వేరు, పెంటితాడు కల్లు వేరు. ఏది మేలన్నది ఊళ్లో ఎప్పటికీ తెగని వాదం. చలికాలంలో ఈతకల్లు. పైన ఏజెన్సీలోకి వెళ్తే జీలుగుకల్లు. ఒకే చెట్టు కల్లు మండలం రోజులు తాగితే ఒంటికి మంచిదని నమ్మేవాళ్లున్నారు. మంచిదో కాదో పక్కన పెడదాం. ఒక చెట్టు కల్లుకీ ఇంకో చెట్టు కల్లుకీ తేడా ఉంటుందని నమ్మడం ఉంది చూడండి, షాంపేన్‌లో ఒకే తోట ద్రాక్షతో చేసిన సీసాకి రెట్టింపు ధర పెట్టేవాడు నమ్మేదీ అదే.

మరి ఇదంతా మన షీట్లలోకి, మన వ్యాసాల్లోకి ఎందుకు రాలేదు? కులం వల్ల. ఈ జ్ఞానం యాత, సెగిడి, గౌడ, ఈడిగ, శెట్టిబలిజ ఇళ్లలో ఉంది. చెట్టెక్కేవాడికి నాలుక ఉంటుందని, దానికి విమర్శ తెలుసని ఒప్పుకోవడం మనకి కష్టం. సాహిత్యంలో తాగుబోతు కావల్సినంతమంది ఉన్నారు. కన్యాశుల్కం దుకాణం సీనులో వేదాంతం కూడా ఉంది. తాగినవాడి మాటలున్నంతగా తాగినదాని రుచి లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, వాళ్లది న్యాయం. ఆ న్యాయం పేరు చెప్పి మనం మాత్రం ఈ విషయం మొత్తాన్ని "తాగుడు" అనే ఒక్క మాటలో వేసి తాళం వేసుకున్నాం.

తాళం వేసిన గదిలో ఏం జరిగిందో చూడండి. కల్లు పేరుతో క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రజోలాం కలిపిన నీళ్లు అమ్మారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. అది మా గచ్చిబౌలి ఫ్లాట్‌కి ఎంత దూరం? రుచిమాటలుంటే కల్తీ ఆగిపోతుందా అని అడగొచ్చు. ఆగదు. చవగ్గా మత్తు కావాల్సినవాడు రుచి చూసి తాగడు, ఆ అవసరం ఒంటినొప్పిది, పేదరికానిది. కానీ కొనేవాడికి కిక్కు ఒక్కటే కొలత అయినప్పుడు, అమ్మేవాడు కిక్కే కలుపుతాడు. రంగు ఒక్కటే కొలత అయితే హైడ్రోస్ కలిపినట్టు.

షాంపేన్ ఊరికే షాంపేన్ అవ్వలేదు. 1910లో పంట దెబ్బతింది. కంపెనీలు బయటి ప్రాంతాల ద్రాక్ష తెచ్చి షాంపేన్ పేరుతోనే అమ్ముకున్నాయి. 1911లో రైతులు తిరగబడ్డారు, సీసాలు పగలగొట్టారు, ఆయ్ అనే ఊళ్లో కంపెనీల ఇళ్లు తగలబెట్టారు. సైన్యం దిగింది. ఏ ఊరి ద్రాక్ష, ఎలా చెయ్యాలి అన్నది చట్టాలుగా మారి 1936 నాటికి గట్టిపడింది. ఈ సోకు అంతా ఆ గొడవ మీద నిలబడింది. తమ నేల రుచి వేరని రైతు అన్నాడు, అవును వేరేనని తాగేవాడు ఒప్పుకున్నాడు. ఒకప్పటి మన విశాఖ జిల్లాలోనే అరకు కాఫీకి ఇలాంటిది జరిగింది. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీని కప్పుల్లో పోసి రుచి చూసి మార్కులు వేసేవాళ్లు లేకుండా ఆ పేరు నిలిచేది కాదు. వాళ్ల మాటలూ ఇంగ్లీషే అన్నది వేరే సంగతి.

షాంపేన్ మానెయ్యమని నేను అనడం లేదు. నాకిష్టం. పోయినసారి నాలుగో నంబర్ సీసాకి తెలుగు కాలమ్‌లో "పొంగిన మినప్పిండి, దోర చింతకాయ, కొత్తకుండలో నీళ్లు" అని రాశాను. మా చెక్‌బాక్సుల ఫ్రెండ్ అది చదివి, గ్లాసు మళ్లీ తీసుకుని, కొత్తకుండ కోసం రెండుసార్లు వెతికాడు. దొరికిందట.

కల్లుని మాత్రం మా ఫ్లాట్‌కి తేలేం. కోటపాడు నుంచి బస్సెక్కిస్తే హైదరాబాద్‌లో దిగేది వెనిగరే. అందుకని వచ్చే ఏప్రిల్‌లో ఏడుగురం షీట్ పట్టుకుని మేమే వెళ్తున్నాం. ఏ టైముకి రమ్మంటారో పెద్దాయన్ని కనుక్కోమని చిన్నాన్నకి ఫోన్ చేశాను. "ఆరింటికల్లా సెట్టుకింద ఉండాలంట. ఆ తరవాతొచ్చి ఎలాగుందంటే నాను సెప్పనన్నాడు" అన్నాడు చిన్నాన్న.