ఏఐ గీసిన విరుగుడు మన చేను దాకా వస్తాదా?

పాముకాటు మందు తయారీకి నూరేండ్లకు పైగా ఒకటే దావ. గుర్రానికి కొంచెం కొంచెం విషం ఎక్కించి, దాని నెత్తురు నుంచి విరుగుడు తీస్తారు. ఇప్పుడు ఇంకో దావ అగుపడతాంది. 2024లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన డేవిడ్ బేకర్ బృందం, నాగుపాము జాతి టాక్సిన్లను పట్టేసే కొత్త ప్రోటీన్లను కంప్యూటర్లో డిజైన్ చేసింది. ప్రాణం తీసే టాక్సిన్ ఎక్కించిన ఎలకలకు వాటినిస్తే 80 నుంచి 100 శాతం బతికినాయని 2025 జనవరిలో ‘నేచర్’ పత్రికలో రాసినారు.

మాట చెప్తే బొమ్మ గీసే ఏఐ మీ ఫోన్లోనే ఉండాది కదా, ఇదీ అట్లాంటిదే. టాక్సిన్ ఆకారం ఇస్తే, దానికి సరిగ్గా అతుక్కునే ప్రోటీన్ గీసిస్తాది. దాన్ని ల్యాబులో బ్యాక్టీరియాతో తయారు చేయొచ్చు. గుర్రంతో పనిలేదు.

మనకెందుకు ఇది? దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది పోతాండారని 2020లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మంది పల్లెలోల్లే. ఆదోని పత్తి చేలల్లో పనిచేసేటోల్లు, ఎమ్మిగనూరు దిక్కు రాత్రిపూట నీళ్లు కట్టేటోల్లు, గుంటూరుకు సుగ్గికి పోయి గుడిసెల్లో నేలమీద పండుకునేటోల్లు. అంటే మనమే.

అయితే ఒక మెలిక ఉండాది. ఆ ప్రోటీన్లు పట్టేది నాగుపాము, కట్లపాము జాతి విషంలోని ఒక రకం టాక్సిన్లనే. నెత్తురు గడ్డకట్టకుండా చేసి, కిడ్నీలు చెడగొట్టే రక్తపింజర విషం వేరే. మన దేశంలో ఎక్కువ కాట్లు దానివే. ఏ విషానికి విరుగుడు గీయాలో సాఫ్ట్‌వేర్ తేల్చదు, డబ్బు పెట్టేటోడు తేలుస్తాడు.

ఇన్‌సిలికో మెడిసిన్ అనే కంపెనీ ఏఐతో చేసిన ఊపిరితిత్తుల మందు రెంటోసెర్టిబ్‌కు మనుషుల మీద రెండో దశ పరీక్ష ఫలితాలు 2025లోనే వచ్చినాయి. కొనేటోల్లు ఉన్న రోగానికి పెట్టుబడి అట్ల పరిగెత్తుతాది. పాము కరిచేది కూలోల్లను, కంపెనీకి లాభమేముంది?

అందుకే సర్కారే పెట్టాలంటాను. బేకర్ బృందం వాడిన ఆర్‌ఎఫ్‌డిఫ్యూజన్ కోడ్ 2023 నుంచి అందరికీ ఫ్రీ. హైదరాబాదులో మందుల కంపెనీలు, బెంగళూరు ఐఐఎస్సీలో పాము విషాల ల్యాబు ఉండాయి. 2030 నాటికి పాముకాటు చావులు సగం చేస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అందులో రక్తపింజర విరుగుడుకు ఎంత పెడతారని మన ఎంపీలను అడగాల. పక్కనున్న కర్ణాటక ప్రతి పాముకాటునూ రిపోర్టు చేయాలని 2024లో రూలు పెట్టింది. ఇక్కడా ప్రతి కాటూ లెక్కలోకి రావాల. లెక్కలేని చావుకు నిధులు రావు.

కొత్త మందు మనిషి దాకా రావాలంటే ఏండ్లు పడతాది. అప్పటిదాకా తాడు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, మంత్రాలకు పోవద్దు. 108కు ఫోన్ కొట్టి గవర్నమెంటు ఆసుపత్రికి పోండి. ఈ రోజుకు ప్రాణం నిలబెట్టేది ఆ గుర్రం మందే.