మాతృభాష గడిలో ఏం రాస్తున్నాం?

బడి అడ్మిషన్ రిజిస్టరులో మాతృభాషకు ఒక గడి ఉంటుంది. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో తెలుగింటి పిల్లవాడు చేరినప్పుడు తల్లిని అడగకుండా అక్కడ రాష్ట్ర భాష పేరు రాసేస్తే, లెక్కలో ఒక తెలుగు పిల్లవాడు తగ్గినట్టే. అలా నలుగురైదుగురు తగ్గితే తెలుగు పంతులుగారి పోస్టుకే ముప్పు.

తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఆ భాష పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. అమలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నా, పోస్టు అడగాలంటే ముందు సంఖ్య చూపాల్సిందే.

అందుకే మరో ప్రలోభం. ఎనిమిది మందే ఉన్నచోట పది మందిని చూపిస్తే సెక్షన్ నిలుస్తుంది కదా, భాష కోసమే కదా అనే వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ మధ్యాహ్న భోజనం బియ్యానికీ ఆ హాజరే లెక్క. 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో వివరాలు విద్యార్థుల వారీగా నమోదవుతున్నాయి. లేని ఇద్దరు బయటపడిన రోజున, ఉన్న ఎనిమిది మందినీ ఎవరూ నమ్మరు. తర్వాత న్యాయంగా అడిగిన పోస్టుకూ అనుమానమే ఎదురవుతుంది.

అదే రిజిస్టరులో కులం, ఆదాయం, వైకల్యం, ఆధార్ నంబరు వంటి వివరాలూ చేరుతుంటాయి. వాటిని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు కాలేజీల ఏజెంట్లకు ఇవ్వడం మాటసాయం కాదు, నమ్మకద్రోహం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. 18 ఏళ్ల లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటోంది. మన బడుల్లో ఇక్కడే ఒక చిక్కు. సమ్మతి పత్రం ఆ తల్లికి చదవరాని లిపిలో ఉంటే, కింద పెట్టిన సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

సంఖ్య అందరికీ తెలియాలి, పేరు వెనకున్న వివరం ఆ ఇంటికే చెందాలి. తరగతుల వారీగా తెలుగు పిల్లల సంఖ్యను నోటీసు బోర్డు మీద పెట్టండి. ఖాళీలపై వచ్చిన సర్క్యులర్లను బీరువాలో దాచకండి. సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించాకే సంతకం అడగండి. తప్పు పడితే చెరిపేయకుండా కొట్టివేసి, తేదీ వేసి సరిదిద్దండి. తల్లిదండ్రులూ ఈసారి బడికి వెళ్లినప్పుడు ఆ గడిలో ఏముందో ఒకసారి చూపించమని అడగాలి.