పాత గేమింగ్ పీసీ... ఉన్న 15 వేలు ఎక్కడ పెట్టాలి?

2018లో అన్నయ్య బీటెక్‌లో చేరినప్పుడు కొన్న గేమింగ్ పీసీ. ఇప్పుడు తమ్ముడి చేతికొచ్చింది. కొత్త గేమ్ పెడితే ఆగి ఆగి నడుస్తుంది. క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు, పక్కన ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే బిగుసుకుపోతుంది. చూస్తే ఫైనలియర్... ప్లేస్‌మెంట్ల సీజన్. చేతిలో ఉన్నది 15 వేలు. మీ పరిస్థితీ ఇదేనా?

రెండేళ్ల కిందటైతే ‘ముందు ర్యామ్ పెంచెయ్’ అనేవాళ్లు సీనియర్లు. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ సలహా పాటిస్తే జేబు ఖాళీ అవుతుంది. కారణం తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది, రేపు టెక్నికల్ ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

ర్యామ్ ధర ఎందుకు మండుతోంది?

ప్రపంచంలో డీర్యామ్ మెమరీలో అత్యధిక భాగం మూడు కంపెనీల నుంచే వస్తుంది. అవి దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లలోని చిప్‌లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ కావాలి. అందులో లాభం ఎక్కువ. పైగా ఒక జీబీ హెచ్‌బీఎం తయారీకి మామూలు ర్యామ్ కన్నా ఎక్కువ సిలికాన్ పడుతుంది. ఫ్యాక్టరీలు అటు మళ్లాయి, మన పీసీలకు వచ్చే సరకు తగ్గింది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ తన ‘క్రూషియల్’ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

గుజరాత్‌లోని సనంద్‌లో మైక్రాన్ ప్లాంటు ఉంది కదా అనుకోవచ్చు. అక్కడ జరిగేది అసెంబ్లీ, టెస్టింగ్, ప్యాకేజింగ్. మెమరీ వేఫర్ల తయారీ కాదు. కొత్త వేఫర్ ఫ్యాక్టరీ కట్టి, సరకు బయటికి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే ‘రెండు నెలలు ఆగితే తగ్గుతుందిలే’ అనే భరోసా లేదు.

రెండో దెబ్బ విండోస్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0తో పాటు జాబితాలో ఉన్న ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అర్హత. ఏఎండీ రైజెన్ మొదటి తరానికీ చోటు లేదు. అయినా కంగారు పడి కొత్త పీసీ కొనక్కర్లేదు. పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు గడువు దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యి సెట్టింగ్‌లు సింక్ చేస్తే ఇది ఉచితమే.

కొనే ముందు కొలవండి

పీసీ నెమ్మదించినప్పుడు టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ 100 శాతం చూపిస్తూ, సీపీయూ ఖాళీగా ఉంటే జబ్బు పాత హార్డ్‌డిస్క్‌ది. చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్‌ను అందులోకి మారిస్తే చాలు, పీసీ తీరే మారిపోతుంది. మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలట్లేదని అర్థం. ఇప్పటికే 8 జీబీ ఒక్క స్టిక్ ఉంటే, అదే వేగంతో మరో 8 జీబీ పాత డీడీఆర్4 స్టిక్ వెతకండి. రెండూ సరైన స్లాట్లలో ఉంటే డ్యూయల్ ఛానల్ లాభం కూడా వస్తుంది.

గేమ్‌లో మాత్రమే ఇబ్బందైతే గ్రాఫిక్స్ కార్డు వంతు. జీటీఎక్స్ 10 సిరీస్ కార్డులకు 2025 అక్టోబరుతో కొత్త గేమ్‌ల డ్రైవర్లు ఆగిపోయాయి. భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు వరకు వస్తాయి. అంటే పాత గేమ్‌లు ఆడుకోవడానికి ఢోకా లేదు.

వీటన్నిటికన్నా ముందు క్యాబినెట్ విప్పి దుమ్ము దులపండి, ప్రాసెసర్‌కు థర్మల్ పేస్ట్ మార్చండి. మన ఎండాకాలంలో వేడెక్కి వేగం తగ్గించుకునే పీసీలు తక్కువేం కాదు.

బోర్డును బట్టే దారి

మీది ఏఎం4 బోర్డు అయితే అదృష్టవంతులే. రైజెన్ 5 1600తో కొన్న బీ350, బీ450 బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5 5600 పనిచేస్తుంది. ర్యామ్ అదే, బోర్డు అదే. విండోస్ 11 అర్హతా వచ్చేస్తుంది. కొనే ముందు బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ల జాబితా చూసుకోండి.

ఇంటెల్ ఏడో తరంవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఎనిమిదో తరం ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చున్నట్టే ఉంటుంది కానీ 200 సిరీస్ బోర్డుపై పనిచేయదు. ఇలాంటి పీసీకి ఎస్‌ఎస్‌డీకి మించి ఖర్చు పెట్టకండి. కోడింగ్ ప్రాక్టీస్‌కు ఉబుంటు వేసుకోవచ్చు. అయితే వాలరెంట్ లాంటివి లినక్స్‌లో ఆడవు. కొన్ని కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలూ విండోస్‌నే అడుగుతాయి, ముందే చూసుకోండి.

డీడీఆర్5కి వెళ్లడమంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి కొనడం. ఈ ధరల్లో 15 వేలకు అది అయ్యే పని కాదు. మీ దగ్గరున్న డీడీఆర్4 ర్యామే ఇప్పుడు మీ ఆస్తి. దాన్ని పక్కన పడేయమనే ఏ అప్‌గ్రేడ్‌కైనా ‘వద్దు’ అనండి.

సెకండ్‌హ్యాండ్ కొంటుంటే...

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్ల దగ్గర కొన్నా, కార్డును అరగంట గేమ్‌పై నడిపించి చూడండి. తెరపై చుక్కలు, గీతలు వస్తే వదిలేయండి. ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారో బిల్లుపై రాయించుకోండి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం పాతది వద్దు. అది పోతే మిగతావాటినీ పట్టుకుపోతుంది.

చివరిగా ఒక్క మాట. ఆ 15 వేలు ఇంట్లోవాళ్లు కష్టపడి ఇచ్చినవి. కోర్సు ఫీజు, ఇంటర్వ్యూలకు వెళ్లే చార్జీలు కూడా అందులోంచే రావాలి. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోని పీసీ మీకు అవసరం. అల్ట్రా సెట్టింగ్స్‌లో గేమ్ మాత్రం మొదటి జీతం దాకా ఆగగలదు. కొలిచి, ఒకే ఒక్క పార్టు మార్చండి. మిగిలింది దాచుకోండి.