డ్రోన్ చేతికొచ్చింది... మరి కాగితాలో?

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే చాలు, ఫొటోగ్రాఫర్‌ని అడిగే మొదటి ప్రశ్న 'డ్రోన్ ఉందా?' అనే. ఊరేగింపు మీద నుంచి ఓ షాట్, కల్యాణ మండపం చుట్టూ మరో షాట్. ప్యాకేజీలో దానికి వేరే రేటు. మరోపక్క మిర్చి చేలల్లో, వరి పొలాల్లో మందు కొట్టడానికీ డ్రోన్లు అద్దెకు తిరుగుతున్నాయి. పది లీటర్ల ట్యాంకుతో ఎకరాన్ని పది నిమిషాల్లోపే చుట్టేస్తుంటే, కూలీలు దొరక్క తలపట్టుకునే రైతుకి అంతకన్నా ఏం కావాలి! అందుకే చాలామంది కుర్రాళ్లు అప్పు చేసైనా ఒకటి కొందామనుకుంటున్నారు. మంచి ఆలోచనే. ఎగరేయడం నాలుగైదు రోజుల్లో వచ్చేస్తుంది కూడా. చిక్కంతా కాగితాల దగ్గరే. అదీ డబ్బు కట్టేశాక తెలిస్తే లాభం లేదు.

కారు సంగతే చూడండి. బండికి ఆర్‌సీ, నడిపేవాడికి లైసెన్సు, రెండింటికీ తోడు బీమా. డ్రోన్‌కీ ఈ మూడూ కావాలి. నాలుగోది కూడా ఉంది... ఎగరేసే చోటు.

మన దేశంలో డ్రోన్ నియమాలు 2021 ఆగస్టు 25న వచ్చాయి. అంతకుముందు పాతిక రకాల దరఖాస్తు ఫారాలుండేవి. వాటిని ఐదుకి తగ్గించారు. బరువును బట్టి డ్రోన్లను విడదీశారు. 250 గ్రాముల దాకా నానో, అక్కణ్నుంచి రెండు కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్. ఆపైన మీడియం, లార్జ్. పెళ్లిళ్లలో కనిపించేవి ఎక్కువగా మొదటి రెండు రకాలు, పొలాల్లోవి స్మాల్. బరువంటే ఖాళీ డ్రోన్ బరువు కాదు, బ్యాటరీ, కెమెరా, ట్యాంకులోని మందుతో సహా. 249 గ్రాముల బుల్లి డ్రోన్‌కి పెద్ద బ్యాటరీ తగిలిస్తే అది నానో నుంచి మైక్రోలోకి జరిగిపోతుందన్నమాట!

కొనేటప్పుడు చూడాల్సింది కెమెరా నాణ్యత ఒక్కటే కాదు. నానో కంటే పెద్దదైతే ఆ మోడల్‌కి తయారీదారు తెచ్చుకున్న టైప్ సర్టిఫికెట్ ఉందో లేదో అడగాలి. అది ఉంటేనే డీజీసీఏ పోర్టల్‌లో రిజిస్టరై గుర్తింపు సంఖ్య వస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోయేది. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. విడిభాగాలు మాత్రం తెచ్చుకోవచ్చు. అయినా 'కొత్తదే... బిల్లు అడక్కండి' అంటూ సగం ధరకి అమ్మేవాళ్లకి కొదవలేదు. గుర్తింపు సంఖ్య రాని డ్రోన్ కొనడమంటే ఎప్పటికీ ఆర్‌సీ రాని బండి కొన్నట్టే. అప్పు వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే!

ఇక ఎగరేసే మనిషి. 18 నుంచి 65 ఏళ్లలోపు వయసుండాలి, పదో తరగతి పాసవ్వాలి, డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ తీసుకుని పరీక్ష నెగ్గాలి. గుంటూరు దగ్గర లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీ లాంటివి ఈ శిక్షణ ఇచ్చాయి. ఒకప్పుడు లైసెన్సు అనేవారు. 2022 ఫిబ్రవరి సవరణతో అది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అయింది. పదేళ్లు చెల్లుతుంది. మొదట్లో పాస్‌పోర్టు లేదని వెనక్కి తగ్గిన పల్లెటూరి కుర్రాళ్లకి 2023 సెప్టెంబరు సవరణ ఊరట. ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఏదున్నా సరే. నానోకి ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకీ అక్కర్లేదు... సరదాకి ఎగరేస్తేనే. పెళ్లివాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే అది వ్యాపారమే, సర్టిఫికెట్ ఉండాల్సిందే.

అన్నీ ఉన్నా చోటు సరైంది కాకపోతే అంతే సంగతులు. ప్రభుత్వ మ్యాపులో ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపిస్తారు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. 5-8 కిలోమీటర్ల మధ్య పసుపు, నేల మీద నుంచి లేవాలన్నా ముందే అనుమతి కావాలి. ఎరుపులో కేంద్రం ఒప్పుకోవాలి. హైదరాబాద్ మ్యాపు ఓసారి తెరిచి చూడండి. శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్... నగరం చుట్టూ రన్‌వేలే! విశాఖలో నౌకాదళం సరేసరి. ఫంక్షన్ హాలు బుక్ చేసుకున్నవాళ్లకి ఇవేం తెలుస్తాయి? అడ్వాన్సు తీసుకునే ముందే మ్యాపు చూసుకోవాల్సింది ఫొటోగ్రాఫరే.

నిన్నటిదాకా ఆకుపచ్చగా ఉన్న చోటు ఇవాళ ఎరుపు కావచ్చు. వీఐపీలు వస్తున్నారనో మరో కారణంతోనో పోలీసులు ఒకేసారి 96 గంటల వరకూ తాత్కాలికంగా ఎరుపు మండలం ప్రకటించవచ్చు. తిరుమల కొండ మీద మామూలు రోజుల్లోనూ డ్రోన్లు కుదరవు. 2023 జనవరిలో ఆలయాన్ని పైనుంచి చూపించే వీడియో ఒకటి బయటికొచ్చి ఎంత దుమారం రేపిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నియమాలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా. ఇతర చట్టాల కింద కేసు వేరే.

సంబరంలో మర్చిపోయేది భద్రత. బరాత్‌లో పైకి తారాజువ్వలు వదులుతుంటే అదే సమయంలో డ్రోన్ లేపేవాళ్లున్నారు. గిర్రున తిరిగే ఆ రెక్కలు పిల్లల మొహానికి తగిలితే? జనం నెత్తిమీద కాకుండా పక్కనుంచి తీసినా షాట్ అందంగానే వస్తుంది. డ్రోన్ ఎప్పుడూ కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలి. సిగ్నల్ పోతే దానంతటదే తిరిగొచ్చే ఎత్తుని దగ్గర్లోని కొబ్బరిచెట్లు, సెల్ టవర్ల కన్నా పైన పెట్టుకోవాలి.

పొలంలో ప్రమాదం వేరే రకం. గాలి వాటం చూడకుండా మందు కొడితే పక్క చేలో పడుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో గట్టు అవతలే రొయ్యల చెరువులుంటాయి. మిర్చి మీద పురుగుని చంపే మందు రొయ్యనెందుకు వదులుతుంది! ఆ నష్టం ముందు రోజంతా తిరిగి సంపాదించిన అద్దె ఏపాటిది?

అందుకే నానో తప్ప మిగతావాటికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేశారు. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా డీజీసీఏకి తెలియజేయాలి. మరో సంగతి... 2025 సెప్టెంబరులో కేంద్రం కొత్త డ్రోన్ బిల్లు ముసాయిదాని జనం ముందు పెట్టింది. అందులో కొన్ని తప్పులకు జైలు మాట కూడా ఉంది. కాబట్టి దుకాణానికి వెళ్లే రోజున డీజీసీఏ వెబ్‌సైట్‌లో నియమాలు మారాయేమో ఓసారి చూసి వెళ్లండి. బిల్లు, టైప్ సర్టిఫికెట్ నంబరు చేతికివ్వని దుకాణమైతే అక్కణ్నుంచే వెనక్కి వచ్చేయండి.