చెవికి స్వరాజ్యమెన్నడు?

2025వ సంవత్సరము మార్చి 7వ తేదీన ‘రన్ ఇట్ అప్’ అను ర్యాప్ గీతమొకటి వెలువడినది. పాడినవాడు హనుమాన్‌కైండ్ అను పేర ప్రసిద్ధుడైన సూరజ్ చెరుకాట్. కేరళమున పుట్టి, అమెరికాలోని హ్యూస్టను నగరమున పెరిగి, బెంగుళూరు చేరినవాడు. వాద్యసంగీతమును కూర్చిన కల్మి మన హైదరాబాదువాడు. వీరిరువురును క్రొత్తవారు కారు. జాతరలలో మోటారు సైకిళ్లు గోడవెంట తిరుగు ‘మౌత్ కా కువా’ దృశ్యములతో 2024 జూలైలో వీరు వెలువరించిన ‘బిగ్ డాగ్స్’ లోకమంతట మారుమ్రోగి, అమెరికావారి బిల్‌బోర్డు నూరు పాటల పట్టిక కెక్కినది. తరువాతి పాటకు కేరళపు చెండ వాద్యము వెన్నెముక. అందలి దృశ్యములలో కళరి, పంజాబువారి గత్కా, మణిపురపు థాంగ్-టా, మహారాష్ట్రపు మర్దానీ ఖేల్, తెయ్యము కనబడుచున్నవి. అదే నెల 30వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తమ ‘మన్ కీ బాత్’ ప్రసంగమున ఈ పాటను ప్రశంసించిరి.

పాట మంచిదా చెడ్డదా యను విచారణ నేటి మా యుద్దేశము కాదు. ఇట్టి పాటలను మనవారు వినుచున్న తీరును గూర్చి కొన్ని కఠినవాక్యములు వ్రాయవలసియున్నది. న్యాయస్థానమున ప్రతివాదిని వినకయే యిచ్చు తీర్పును ఏకపక్షపు డిక్రీ యందురు. దానిని రద్దుపరచుకొనుటకు చట్టము మార్గమైనను చూపినది. నిజామాబాదు టీ హోటళ్లలోను, బోధను బస్టాండులోను, పఠనమందిరముల అరుగులమీదను పాటలపై దినదినము పడుచున్న ఏకపక్షపు డిక్రీలకు అప్పీలైనను లేదు.

మొదటి పక్షము పెద్దలది. ర్యాపు పాటయే కాదనియు, రాగము లేని వాగుడనియు, పరదేశపు జాడ్యమనియు వీరి వాదము. ఈ విద్య 1973లో న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో, పేదలైన నల్లజాతివారి వేడుకలలో పుట్టినమాట నిజమే. పుట్టుక పరదేశమైనంత మాత్రమున త్యజింపవలెనా? వయొలిను ఎక్కడిది? హార్మోనియము ఎక్కడిది? హార్మోనియము మన సంగీతమునకు తగదని 1940లో ఆలిండియా రేడియో దానిని బహిష్కరించినది. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. ఆ ముప్పదియేండ్లలో సురభి నాటకములందును, హరికథలందును, భజనమందిరములందును దాని మ్రోత ఆగినదా? అధికారులు వెలివేసినదానిని శ్రోతలు నిలుపుకొనిరి. తాళమునకు మాటను తూచి గడగడ చెప్పుట మాత్రము మనకు క్రొత్తయా? ఒగ్గుకథకుడు డోలుదెబ్బపై వచనమును పరుగెత్తించుట ఈ పెద్దలు బాల్యమున విననిదా? మన ఛందస్సున ప్రాస పాదపు రెండవ యక్షరమున నిలుచును. ర్యాపుకవి దానిని తరచుగా పాదాంతమున నిలుపును. స్థానము మారినది గాని శ్రమ మారలేదు.

రెండవ పక్షము యువకులది. వీరు పాటను వినుటకు ముందే పేరును విందురు. తమకు నచ్చినవాడు పాడినచో అర్ధగంటలో అద్భుతమని చాటుదురు. గిట్టనివాడు పాడినచో అంతకంటె ముందే ఛీకొట్టుదురు. ఎన్ని లక్షలమంది చూచిరను లెక్కయే వీరికి రసము. చెరకు బండిని కాటా కెక్కించినచో బరువు తెలియును. తీపి తెలియవలెనన్న రసమును పరీక్షింపవలెను. ఈ సంగతి బోధను రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. అతని కుమారుడే పాట యెదుట దానిని మరచుచున్నాడు.

మూడవది యొక పక్షము కాదు, అలవాటు. పై రెండింటికంటె హీనమైనది. ‘బిగ్ డాగ్స్’ వెలువడినప్పుడు అమెరికా యువకులు ఆ పాట వినుచు, ఆశ్చర్యపడుచు, తమ ముఖములను తామే చిత్రీకరించి లోకమునకు చూపిరి. పాడినవాడు భారతీయుడా యని పలువురు అచ్చెరువందిరి. మనవారిలో అనేకులు ఆ ముఖములను వెదకి వెదకి చూచిరి. దొర తల ఊపెనా? ఊపినచో మనమును ఊపుదము! 1947లో దొర ఓడ యెక్కి పోయినాడు. మన చెవిలో మాత్రము ఇంకను కాపురమున్నాడు.

ఇది యొక్క పాటకు పట్టిన గతి కాదు. ‘నాటు నాటు’ పాటను పాడినవారిలో ఒకడైన రాహుల్ సిప్లిగంజ్ హైదరాబాదు గల్లీల భాషలో ఏండ్లతరబడి సొంతముగా పాటలు చేసినవాడే. ఆ పాట వ్రాసిన చంద్రబోసు ఓరుగల్లు సీమవాడే. 2022లో ఆ పాటను చిత్రశాలలలో విని, అది నాటు పాటయే గదా యని పెదవి విరిచిన పెద్దమనుష్యులు, 2023 మార్చిలో లాస్ ఏంజెలిసున ఆస్కారు బహుమానము వచ్చినంతనే దానియందు జానపద సౌందర్యమును కనుగొనిరి. పాట మారలేదు. పల్లవి మారలేదు. మారినది తీర్పరి యొక్కడే!

విదేశీయుల మెప్పు విషమని మేము అనుట లేదు. దానివలన కళాకారునకు అన్నము దొరకును, పేరు దొరకును, దొరకనిండు. మన మనస్సు ముందుగా ఒక తీర్పు చెప్పిన తరువాత, ఇతరులును అదే చెప్పినచో సంతోషింపవచ్చును. మన తీర్పే లేక ఇతరుల తీర్పును అరువు తెచ్చుకొనుట దాస్యము.

ఈ పాటనుండి మనము నేర్వవలసిన యసలు పాఠము వేరొకటి గలదు. చెండ ఆ పాటలోనికి ఆకాశమునుండి ఊడిపడలేదు. త్రిస్సూరు పూరమున ఇలంజితర మేళము జరుగునప్పుడు ఇన్నూటికి పైబడిన వాద్యకారులు రెండుగంటలకు మించి వాయింతురు. వేలాదిజనము నిలువుకాళ్లపై నిలిచి, ప్రతి కాలమును గుర్తించుచు, చేతులెత్తి తాళము వేయుదురు. అట్టి శ్రోతలు తరతరములుగ నిలుపుకొనినందువలననే, నేటి ర్యాపుగాయకునకు చెండ చేతికందినది. శ్రోత ముందు, పాట తరువాత. మనమో? డప్పును పెండ్లి ఊరేగింపునకు పిలుతుము. వాయించినవానిని గుమ్మము బయటనే నిలుపుదుము. ఒగ్గు డోలును సభారంభమున ఐదు నిమిషములు మ్రోగించి, అధ్యక్షుడు వచ్చినంతనే ఆపింతుము. ఇట్టి మనకు, మన వాద్యము లోకమున వినబడలేదని వగచు హక్కు ఎక్కడిది?

బోధను సీమకు పాడదగిన కథ లేదా? మంజీరపై నిజాంసాగరము కట్టబడినది; కాలువల వెంట కోస్తా రైతులు వచ్చి క్యాంపులు వేసిరి; 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వలన శక్కర్‌నగరము వెలసినది. తెలంగాణపు తెలుగు, కోస్తా తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ, ఈ నాలుగును ఒకే బాటపై వినబడు సీమ యిది. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతులలోనికి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. కూలి పోయిన కార్మికుని, గానుగ దూరమైన రైతుని గూర్చి ర్యాపు కట్టు కుర్రవాడు రేపు శక్కర్‌నగరపు క్వార్టర్లనుండియే రావచ్చును. నోయల్ షాన్, రోల్ రైడా, ప్రణవ్ చాగంటి మొదలగువారు తెలుగున ఈ మార్గమును ఇదివరకే త్రొక్కియున్నారు. కాని ఆ కుర్రవాడు ఇందూరు యాసలో నోరు తెరచినంతనే మొదట నవ్వువారెవరు? అమెరికావారు కారు, మనవారే. ఆ నవ్వునకు జడిసి అతడు తన యూరి మాటను దాచి, ఎన్నడును చూడని కార్లను గూర్చియు, ఎన్నడును తొడుగని బంగారమును గూర్చియు పాడును. అప్పుడు అబద్ధము పాడెనని అతనినే నిందింతుము!

నిజాము పాలనపు చివరి దినములలో దాశరథి కృష్ణమాచార్యులు ఈ నిజామాబాదు చెరసాల గోడపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. ఏ లెక్కను చూచి వ్రాసిరి? ఏ దొర తల ఊపునని వ్రాసిరి? ఆ పద్యము బ్రతికినదన్న, తోడి ఖైదీలు విని, గుండెలో దాచుకొన్నందువలననే గదా!

కావున పఠనమందిరముల నిర్వాహకులకు మా మనవి యిది. నెలకొక సాయంకాలము ఒక క్రొత్త పాటను అందరును కూడి వినుడు. మొదట బొమ్మ లేకుండ వినుడు; పిమ్మట మాటల అర్థము తెలిసికొని వినుడు; తుదకు బొమ్మతో వినుడు. పాడినవాని పేరును, చూచినవారి లెక్కను గుమ్మము బయట విడువుడు. పిమ్మట పెద్దలును యువకులును ఒకే బల్లచుట్టు కూర్చుండి, గుణమును దోషమును కారణసహితముగ వ్రాయుడు. పేరుపొందినవాడైనను అతని తప్పును తప్పనుడు. పేరులేనివాడైనను అతని యొప్పును ఒప్పనుడు. ఆ కాగితమును పాడినవానికి పంపుడు. కారణము చూపిన దూషణ కారణము లేని పొగడ్తకంటె అతనికి వేయిరెట్లు మేలు.

భూమి మనదైనది, జెండా మనదైనది. చెవియు మనది కావలెను.