ఆదిలోనే హంసపాదు

ఫిగర్ స్కేటింగ్‌లో లట్జ్, ఫ్లిప్ అనే రెండు జంప్‌లను వేరుచేసేది బ్లేడు అంచు ఒక్కటే. అపసవ్య దిశలో తిరిగే స్కేటర్ రెండింటికీ వెనక్కి జారుతూనే వస్తాడు. రెండింటికీ ఎడమ కాలి మీదే నిలిచి, కుడి బ్లేడు కొసనున్న పళ్లను మంచులో గుచ్చి పైకి లేస్తాడు. బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని అడుగున సన్నని గాడి, గాడికి చెరో పక్క ఒక అంచు. లేచే క్షణాన ఎడమ బ్లేడు బయటి అంచు మీద ఉంటే లట్జ్, లోపలి అంచు మీద ఉంటే ఫ్లిప్. లట్జ్ పేరుతో లోపలి అంచు నుంచి, ఫ్లిప్ పేరుతో బయటి అంచు నుంచి ఎగరడాన్ని అంచు తప్పడం అంటారు. గాలిలో నాలుగు చుట్లు తిరిగే క్వాడ్ల మోజులో పడిన పురుషుల పోటీల్లో ఈ తప్పును చిన్నదిగా చూసే అలవాటు ఇక పోవాలి.

ఆస్ట్రియా స్కేటర్ అలోయిస్ లట్జ్ పేరు మీద వచ్చిన లట్జ్‌లో కష్టమంతా దిశలోనే ఉంది. బయటి అంచు మంచు మీద గీసే వంపు ఒక వైపు, గాలిలో తిరగాల్సింది మరో వైపు. శరీరం ఈ ఎదురీతకు సులభంగా ఒప్పుకోదు. సుదీర్ఘంగా బయటి అంచు మీద జారి వచ్చిన స్కేటర్‌కు కూడా పళ్లు గుచ్చే వేళకు చీలమండ లోపలికి వాలిపోతుంది. దాంతో వంపు, భ్రమణం ఒకే వైపుకు వచ్చి జంప్ తేలికవుతుంది. అప్పుడది లట్జ్ కాదు, లట్జ్‌లా మొదలైన ఫ్లిప్. స్కేటర్లు దీన్ని ‘ఫ్లట్జ్’ అంటారు. ఫ్లిప్ వేయబోయి బయటి అంచుకు ఒరిగిపోతే ‘లిప్’ అంటారు.

నిబంధనల్లో దీనికి శిక్ష లేకపోలేదు. టెక్నికల్ ప్యానెల్ అంచు తప్పిందని తేలిస్తే ‘ఈ’ గుర్తు, స్పష్టంగా లేదనుకుంటే ఆశ్చర్యార్థకం గుర్తు వేస్తుంది. ఇటీవలి సీజన్ల పట్టికలో ట్రిపుల్ లట్జ్ మూల విలువ 5.90, ట్రిపుల్ ఫ్లిప్‌ది 5.30. ‘ఈ’ పడిన లట్జ్‌కు 80 శాతం, అంటే 4.72 మాత్రమే దక్కుతుంది. ఆశ్చర్యార్థకంతో సరిపెడితే మూల విలువ చెక్కుచెదరదు. జడ్జీలు నాణ్యత మార్కుల్లో కొంత కోస్తారంతే. ఒక గుర్తు పడితే ఫ్లిప్ కంటే తక్కువ, మరో గుర్తు పడితే పూర్తి లట్జ్ విలువ. ఆ రెండు గుర్తుల మధ్య తేడా చీలమండ కాస్త వాలడమే. అది ఏ కోణం నుంచి ఎంత కనిపించిందన్న దాని మీద స్కేటర్ మార్కులు ఆధారపడటం న్యాయం కాదు.

అంతకంటే పెద్ద లొసుగు పునరావృతి నియమంలో ఉంది. 1982 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అమెరికా స్కేటర్ ఎలైన్ జాయక్ ఒకే రకం ట్రిపుల్‌ను పదేపదే వేసి గెలిచిన తర్వాత, అలాంటి పునరావృతికి హద్దు పెట్టారు. ఏ ట్రిపుల్‌నైనా, క్వాడ్‌నైనా పోటీలోని పొడవైన ప్రదర్శన అయిన ఫ్రీ స్కేట్‌లో రెండుసార్లకు మించి లెక్కించరు. స్కేటర్ అన్ని రకాల జంప్‌లూ నేర్వాలన్నదే దీని ఉద్దేశం. అయితే అంచు తప్పిన లట్జ్ కూడా ఈ లెక్కలో లట్జ్‌గానే నమోదవుతుంది. బయటి అంచు చేతకాని స్కేటర్ రెండు లట్జ్‌లు, రెండు ఫ్లిప్‌ల పేరుతో నాలుగు ఫ్లిప్‌లు వేయవచ్చు. కోత పడినా నాలుగింటికీ మార్కులు వస్తాయి. మూల విలువలో కోత పెట్టే నియమమే పునరావృతి లెక్కలో కళ్లు మూసుకుంటోంది.

పురుషుల విభాగంలో పరిస్థితి ఇక్కడిదాకా రావడానికి కారణాలున్నాయి. కెనడాకు చెందిన డోనాల్డ్ జాక్సన్ 1962లో ప్రాగ్‌లో పోటీల్లో తొలి ట్రిపుల్ లట్జ్ వేశాడు. క్వాడ్ లట్జ్‌ను 2011లో బ్రాండన్ మ్రోజ్, క్వాడ్ ఫ్లిప్‌ను 2016లో షోమా ఉనో, క్వాడ్ ఆక్సెల్‌ను 2022లో ఇల్యా మలినిన్ సాధించారు. ఇవి గొప్ప విజయాలే. కానీ వాటి వెలుగులో చూపంతా గాలిలోకి మళ్లింది. ఎన్ని చుట్లు తిరిగాడు, పూర్తిగా తిరిగాడా, నిలిచాడా అన్నవే చర్చకు వస్తున్నాయి. ఎక్కడి నుంచి లేచాడన్నది వెనకబడిపోయింది. ఒకప్పుడు అంచే ఈ ఆటకు అక్షరాభ్యాసం. మంచు మీద వలయాలు గీయించే కంపల్సరీ ఫిగర్స్‌లో బ్లేడు వదిలిన గీతను జడ్జీలు వంగి మరీ పరిశీలించేవారు. 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల నుంచి ఆ విభాగాన్ని తొలగించారు. దాన్ని తిరిగి తేనక్కరలేదు గానీ, అది నేర్పిన క్రమశిక్షణను వదులుకోవాల్సిన అవసరం లేదు.

గాలిలో నాలుగు చుట్లు తిరిగేవాడికి అంచు ఏపాటి విషయమని కొందరు వాదిస్తారు. ఆ వాదన నిలవదు. కాలు ఒకటే, పళ్లు గుచ్చే తీరు ఒకటే, చుట్లూ అన్నే అయినప్పుడు క్వాడ్ ఫ్లిప్‌కు 11.00, క్వాడ్ లట్జ్‌కు 11.50 ఇస్తున్నది దేనికి? ఆ అర పాయింటు అంచుకే. అంచు లేనిచోట అంచు వెల చెల్లించడం, ఏళ్ల తరబడి కష్టపడి నిజమైన లట్జ్ నేర్చుకున్న స్కేటర్‌కు అన్యాయం చేయడమే.

ప్యానెల్‌ను నిందించడం దీనికి పరిష్కారం కాదు. క్షణంలో పదో వంతులో జరిగిపోయేదాన్ని సాధారణంగా ఒకే కెమెరా చూపిన కోణం నుంచి తేల్చమంటే ఎంతటి నిపుణులైనా పొరపడతారు. ఇతర ఆటలు ఇలాంటి చిక్కుకు సాంకేతిక సాయం తీసుకున్నాయి. క్రికెట్‌లో బౌలర్ ముందుకాలు గీత దాటిందో లేదో చూసే పనిని 2020 మహిళల టీ20 ప్రపంచకప్‌లో టీవీ అంపైర్‌కు అప్పగించారు. జిమ్నాస్టిక్స్‌లో జడ్జీలకు తోడ్పడే ఫుజిత్సు కంప్యూటర్ వ్యవస్థ 2023 ఆంట్‌వెర్ప్ ప్రపంచ పోటీల నాటికి అన్ని పరికరాలకూ అందుబాటులోకి వచ్చింది. పాదం మీదే బతికే స్కేటింగ్ ఈ విషయంలో వెనకబడి ఉండకూడదు.

అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య చేయాల్సినవి మూడు. పెద్ద పోటీలన్నింటిలో మంచు మట్టానికి దగ్గరగా, వేర్వేరు కోణాల్లో కెమెరాలు పెట్టి, గుర్తు పడిన ప్రతి జంప్ దృశ్యాన్నీ బయటపెట్టాలి. ‘ఈ’ పడిన లట్జ్‌ను పునరావృతి లెక్కలో ఫ్లిప్‌గా, ‘ఈ’ పడిన ఫ్లిప్‌ను లట్జ్‌గా పరిగణించాలి. ఆశ్చర్యార్థకం గుర్తుకు మూల విలువలోనూ కొంత కోత ఉండాలి. కోచ్‌ల బాధ్యత ఇంకా పెద్దది. పదేళ్ల కుర్రాడి చీలమండకు అలవాటైన తప్పు ఇరవై ఏళ్లకు సరిదిద్దుకోలేనంతగా పాతుకుపోతుంది. డబుల్ లట్జ్ బయటి అంచు నుంచి శుభ్రంగా రానిదే ట్రిపుల్‌కు పంపకూడదు. ఆదిలోనే హంసపాదు పడిన జంప్ గాలిలో ఎన్ని చుట్లు తిరిగినా లట్జ్ కాదు. దానికి లట్జ్ అని పేరు రాయడం మానాలి.